దేవుడి గుప్పెడు

నిన్న చర్చిలో బియ్యం డబ్బా ఇస్తే పాస్టరమ్మ గారు నవ్వారు. "ఇంకా గుప్పెడు బియ్యం తెచ్చేది మీరొక్కరేనండీ."

మా అమ్మ గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఉండేది కదా, పొయ్యి పక్కన దేవుడి కుండ? అమ్మ వండే బియ్యంలోంచి గుప్పెడు తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, అందులో వేసేది; నిండితే చర్చికిచ్చేది.

"మనకే చాలవు కదే" అనేవాణ్ణి.

"ముందు ఆయనకిరా, తిండిపోతా!"

మా ఆవిడా అలాగే వేసేది. ఆమె మంచాన పడ్డప్పుడు బతికించమని రోజూ వేడుకున్నాను. పోయింది. అప్పట్నుంచి గుప్పెడు వేస్తున్నాను గానీ ప్రార్థన రావడం లేదు. ఎవరికీ చెప్పలేదు.

ఈ పొద్దున గుప్పెడు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పొయ్యి మీద ఎసరు మరిగి సగమైంది. ప్రార్థన లేకుండానే గుప్పెడు డబ్బాలో వేసి, ఎసట్లో మళ్లీ నీళ్లు పోశాను.