వేలు మడిచి చూపవలెను

అమెరికాలోని అరోరా అనే ఊళ్లో రాధారాణి ఇంటి వెనక స్థలాన్ని మూడు మేపుల్ చెట్లు ఏలుతున్నాయి. ఎండ పడేది ఇంటి ముందే. కాలనీ సంఘం ఆనవాయితీ ప్రకారం అక్కడ పెంచదగినది గడ్డి ఒక్కటే, దాన్నీ పెరగనివ్వకూడదు. స్కూల్ క్యాంటీన్‌లో రోజూ మూడొందల మందికి పిజ్జా ముక్కలు వడ్డించే రాధారాణి ఈ శాసనాన్ని పదేళ్లు శిరసావహించి, పదకొండో ఏట ముంగిట్లో సొర పాదు పెట్టి పందిరి వేసింది.

నిరుడు మొదటి పిందెను, సంఘం తరఫున తనిఖీలు చేసే గ్లెన్ కాలిబాట మీంచే వేలెత్తి చూపించి మెచ్చుకున్నాడు. నాలుగో రోజుకి అది కుళ్లి రాలింది. పిందెను వేలెత్తి చూపకూడదనీ, తప్పనిసరైతే వేలు మడిచి చూపాలనీ ఆమెకు పుట్టింటి చదువు.

"అమ్మా, దట్స్ జస్ట్ పాలినేషన్. తేనెటీగలు రాలేదు, అంతే," అంది కాలేజీలో బయాలజీ చదువుతున్న కూతురు దియ.

"ఎందుకు రాలేదో నీ పుస్తకంలో ఉందా?"

దియ పుస్తకం మూసింది.

ఈ ఏడు ఆగస్టు చివర ఐదు పిందెలు దిగాయి. వాటి వెనకే సంఘం ఉత్తరమూ దిగింది. ఎవరో ఫిర్యాదు చేశారట. ఇంటి ముందు మూడడుగుల ఎత్తు మించిన కట్టడమేదైనా ఉందని తేలితే పద్నాలుగు రోజుల్లో తీసేయాలట. కాయలు కోతకు రావడానికి మూడు వారాలు కావాలి.

శనివారం గ్లెన్ టేపు పట్టుకుని వచ్చాడు. కొలిచాడు. పిందెల వైపు చూపుడువేలు ఎత్తాడో లేదో, రాధారాణి ఆ వేలు పట్టేసుకుంది. డెబ్బై ఏళ్ల మనిషి వేలును ఎవరైనా పట్టుకుని ఎన్నాళ్లయిందో, అతను విడిపించుకోలేదు.

"ఇలా మడవాలి," అంది.

"ఎందుకని?"

"అవి ఓర్చుకోలేవు."

గ్లెన్ తలాడించాడు. "మా నాన్న మొక్కజొన్న చేలో ఈల వేయనిచ్చేవాడు కాదు. ఎందుకో చెప్పలేదు. మేమూ అడగలేదు."

మడిచిన వేలితోనే ఐదింటినీ లెక్కపెట్టాడు. కాగితం మీద మాత్రం ఆరడుగుల రెండంగుళాలని ఉన్నదున్నట్టు రాశాడు. స్నేహం వేరు, టేపు వేరు.

"కంప్లైంట్ ఎవరిచ్చారు?"

"చెప్పకూడదు," అన్నాడు. నోరు నియమం తప్పలేదు గానీ, అప్పుడే పాఠం నేర్చిన వేలు మడుచుకునే ఎడమవైపు ఇంటిని చూపించింది.

అది రాగిణి ఇల్లు. ప్రతి ఆదివారం రాధారాణి దగ్గర గోంగూర పచ్చడి పట్టుకెళ్లే రాగిణి.

ఆ సాయంత్రం తలుపు తీసి రాధారాణి ముఖం చూడగానే రాగిణికి విషయం అర్థమైంది. "రండక్కా, టీ పెడతాను."

"టీ సంగతి తర్వాత. నాకే చెప్పొచ్చుగా?"

"మా ఆయన కాంట్రాక్ట్ అయిపోయిందక్కా. దూరాన బెంటన్‌విల్‌లో ఇంకోటి దొరికింది. ఇల్లు అమ్మకానికి పెడుతున్నాం. ఏజెంట్ ఫొటోలు తీస్తే అన్నిట్లోనూ మీ పందిరే. బయ్యర్లు రారంటుంది."

"అదే నాతో అనాల్సింది."

"అంటే మీరు ఆ పూటే పీకేసేవారు. ఆ పాపం నాకెందుకని సంఘానికి రాశాను."

కాదందామని రాధారాణి నోరు తెరిచింది. పీకేసేదే. పీకేసి, ఆ తర్వాత ప్రతి ఆదివారం గోంగూరతో పాటు ఆ మాటా చేతిలో పెట్టేది. ఈ సంగతి రాగిణికి తనకన్నా ముందే తెలుసన్నది మింగుడుపడక, టీ అడిగి తాగింది.

మర్నాడు తల్లీ కూతుళ్లు పందిరి విప్పి, పిందెలకు దెబ్బ తగలకుండా తీగను గడ్డి మీద పడుకోబెట్టారు. నిబంధనల్లో ఎత్తుకు హద్దుంది, పొడవుకు లేదు. గ్లెన్ రెండుసార్లు చదివి చూశాడు.

తీగ మాత్రం ఏ నిబంధనా చదవకుండా రాగిణి గడ్డిలోకి పాకింది. రెండు వారాలకు, దాని కొసన దిగిన కొత్త కాయ హద్దుకు అవతల పడి ఉంది. ఇల్లు చూడటానికి మొదటిసారి మనుషులు వచ్చే రోజు పొద్దున్నే రాగిణి గడ్డంతా నున్నగా కోయించింది. ఆ కాయ చుట్టూ మాత్రం జానెడు మేర వదిలేయమంది.