తమ్ముడి ఎత్తు బెల్లం

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ దేన్నీ కంటితో చూసి నమ్మేది కాదు, తూచి నమ్మేది. మెదక్ బజారులో మా తాతయ్యకు బెల్లం దుకాణం ఉండేది. పేరుకు దుకాణం తాతయ్యదే, తరాజు మాత్రం అమ్మమ్మది. అమ్మ పుట్టింట్లోనే పురుడు పోసుకుని తమ్ముణ్ణి కంటే, అమ్మమ్మ వాణ్ణి తెచ్చి ఆ తరాజులోనే పడుకోబెట్టింది. మనుమడి ఎత్తు బెల్లం వాడకట్టంతా పంచుతానని ఆమె మొక్కు. సరితూగిన ముద్దను గుడ్డలో మూటగట్టి, తొట్లెలో వేసే రోజు కోసం ఉట్టి మీద దాచింది.

కొన్నాళ్లకే వాడి మొహం చిక్కినట్టు తోచి మళ్లీ తూచింది. బెల్లం దిగింది, తమ్ముడు పైకి లేచాడు. అమ్మమ్మ అక్కడే కూలబడింది. ముందు దిష్టి అంది. ఆమె కాల్చిన ఎండు మిరపకాయల ఘాటుకు దుకాణానికి వచ్చినవాళ్లు కూడా దగ్గుకుంటూ పోయారు. తర్వాత అమ్మ పాలలో బలం లేదంది, మేకపాలు పడదామంది. అమ్మ ఎదురు చెప్పలేక పిల్లవాణ్ణి హత్తుకుని ఏడ్చింది. వీడు ఇట్లా తరిగి తరిగి చివరికి లేకుండా పోతాడేమోనని నాకు ఒకటే గుబులు. ఒక్క పరుగున పోయి పక్కింటి సిస్టరమ్మను పిలుచుకొచ్చాను. ఆమె దవాఖానలో కాన్పులు చూసే నర్సు.

సిస్టరమ్మ తరాజు వంక చూడనే లేదు. తమ్ముడి నోరు, కళ్లు, ఒళ్లు చూసి, "పాలు మంచిగ తాగుతుండా? ఉచ్చ పోస్తుండా?" అని అడిగింది.

"పొయ్యకేం బిడ్డా, నా చీరెలన్ని ఖరాబు చేసిండు."

"మరి పరేషాన్ ఎందుకు పెద్దమ్మా? కొత్త బెల్లం చెమ్మ ఆరితే తరుగు పోదా? పుట్టిన పిల్లలు గూడ గంతే, మొదట్ల జర తగ్గుతరు."

"తరిగిన బెల్లం మల్ల పెరగదు గద," అంది అమ్మమ్మ. వ్యాపారం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"నీ మనుమడు పెరుగుతడు. ముర్రుపాలు పిండి పారబోసినరా?"

అమ్మమ్మ అవునన్నట్టు తలాడించింది. మా ఇళ్లలో అప్పటి ఆచారం అదే, పారబోసి చక్కెర నీళ్లు పట్టేవాళ్లు.

"గది తప్పు. చక్కెర నీళ్లు బంద్, మేకపాలు వద్దు. అడిగినప్పుడల్ల తల్లిపాలే ఇయ్యుండ్రి. తూకం నేనొచ్చి చూస్త. ఇంకా తగ్గితే నేనే దవాఖానకు ఎత్తుకపోత."

అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచి సిస్టరమ్మ డ్యూటీకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తొంగి చూసేది. తమ్ముడు మెల్లగా బుగ్గలు పట్టాడు.

తొట్లె రోజున వాణ్ణి తరాజులో పెడితే పళ్లెం ఠక్కున కిందికి దిగింది. ఉట్టి మీది ముద్ద సరిపోలేదు. పిసరంత కొసరు వెయ్యాలంటే ప్రాణం పోయే మా అమ్మమ్మ, బెల్లం గడ్డ మీద గడ్డ వేస్తూ ముసిముసిగా నవ్వింది. మొదటి పంపకం సిస్టరమ్మ ఇంటికే పోయింది.

మొన్న నా మనుమరాలికి ఆడపిల్ల పుట్టింది. మిషన్‌లో పాప బరువు కాస్త తగ్గి కనిపించేసరికి బాలింత గోడవైపు తిరిగి ఏడ్వసాగింది. నేను పక్కన కూర్చుని, పాలు తాగుతుందా, ఉచ్చ పోస్తుందా అని అడిగాను. రెండింటికీ తలూపింది. నర్సమ్మ కూడా చూసి, భయం లేదు, మళ్లీ తూస్తానంది. నేను పాపను తల్లి ఒడిలో పెట్టి, మనుమరాలి పెనిమిటిని బెల్లం తెమ్మని పంపాను.

ఎంత తేవాలని అడిగాడు. పాప ఎత్తు కంటే జర ఎక్కువే తెమ్మన్నాను.