బెల్టు దొర ప్రసంగాల్లో నా చావు

స్కాట్లాండు దేశపు రాజకీయ నాయకుడొకాయన నన్ను చంపేశాడు. నేను నిక్షేపంలా తిని తిరుగుతుండగా చంపాడు. ఊరి కౌన్సిలరుగా ఒకసారి, జిల్లా కౌన్సిలు అధ్యక్షుడిగా ఒకసారి, లండన్ పార్లమెంటు సభ్యుడిగా మరోసారి, మూడు పదవుల్లోనూ సభలో నిలబడి చంపాడు.

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, బహ్రెయిన్‌లో మనిషి బతికున్నాడనడానికి ఊపిరి ఒక్కటే చాలేది కాదు, చేతిలో కాగితం కూడా ఉండాలి. (ఇప్పుడూ అంతేనంటారు. నాకు తెలిసింది ఆ రోజుల సంగతే.) నేను సిత్రాలో నూనె ట్యాంకుల చుట్టూ పరంజా కట్టేవాణ్ణి. అయిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. నా ఇంగ్లీషంతా చెదలు తిన్న నిఘంటువులోంచీ, స్టోరులో సామాన్లకు చుట్టి పారేసిన పేపర్లలోంచీ ఏరుకున్నదే. మా సేఫ్టీ ఆఫీసరు స్కాట్లాండువాడు. నోరు తెరిస్తే "బెల్టు, బెల్టు" అని అరిచేవాడు గనక ఆయన మాకు బెల్టు దొర. వాళ్ల ఊళ్లో కౌన్సిలరుగా ఉండి, రెండోసారి పదకొండు ఓట్లతో ఓడిపోయి (ఆ పదకొండుమందినీ పేరుపేరునా ఎరుగుదుననేవాడు) పొట్టకూటికి బహ్రెయిన్ వచ్చాడు. అయినా కౌన్సిలు ఆయన్ని వదల్లేదు. టీ వేళ ఖాళీ డ్రమ్మెక్కి, నడుముకు బెల్టు లేకుండా ఎవడూ ఎత్తుకు ఎక్కకుండా చట్టం తెస్తానని ఉపన్యాసం దంచేవాడు. అందరూ నవ్వేవారు. నేనొక్కణ్ణే నవ్వేవాణ్ణి కాదు. కొత్త మాటలు అరచేతి మీద రాసుకునే పనిలో నాకు నవ్వడానికి తీరికుండేది కాదు. దాన్నాయన భక్తి అనుకున్నాడు. ఓ రోజు నాకు బెల్టు తగిలించి ఫోటో కూడా తీశాడు.

రెండేళ్లకు నా వీసా గడువు తీరింది. వీసా ఇచ్చిన కఫీల్ పొడిగించను, ఖలాస్ అన్నాడు. రెండు రోజుల్లో నన్ను విమానం ఎక్కించారు. అప్పుడు దొర సెలవులో ఉన్నాడు. తిరిగొచ్చి నేనేడని మా తోడల్లుణ్ణి అడిగాడు. వాడూ మా జట్టులోనే పని. వాడికొచ్చిన ఇంగ్లీషు మాటలు పదో పన్నెండో. వాటిలో ఒకటి తీసి, "ఎక్స్‌పైర్డ్ సార్" అన్నాడు. దొర హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడట. ఎలాగని అడిగాడట. విమానంలో వెళ్లాడని చెప్పడానికి మావాడికి మాట దొరక్క వేలు ఆకాశంలోకి చూపించాడట. వేలికీ ఆకాశానికీ నడుమ ట్యాంకుంది. దొర ట్యాంకు పైఅంచు వంక చాలాసేపు చూసి, హెల్మెట్ చేత్తోనే పట్టుకుని వెళ్లిపోయాడట.

"నేనేటి తప్పు సెప్పేనన్నయ్యా," అని తోడల్లుడు ఈనాటికీ వాదిస్తాడు. "వీసా ఎక్స్‌పైరయితే ఎక్స్‌పైరనక ఏటంతారు? ఎలాగెల్లేడంటే పైకి సూపించేను. ఇమానం బూమ్మీంచి ఎల్తాదేటి?"

మా ఊరికి నల్లంచు కవరొకటి వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే గనక నేనే పైకి చదివాను. ఆ మనిషి నెమ్మదస్తుడట, జ్ఞానపిపాసి అట, మాటకు కట్టుబడేవాడట. మా ఆవిడ చాట పక్కనబెట్టి శ్రద్ధగా వింది. "ఇంత మంచోడెవులండీ, పాపం?" అంది. కిందికి చూస్తే పోయినవాడి పేరు నాది, సంతకం దొరది. మా ఆవిడ వెంటనే ఉత్తరం మీద నాచేత మూడుసార్లు ఉమ్మించి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి, అన్నీ కలిపి పొయ్యిలో పెట్టింది. మిరపకాయలు ఘాటెత్తలేదు, అంటే దిష్టి గట్టిగానే తగిలినట్టు.

ఎనిమిది నెలలకు కొత్త వీసా దొరికి మళ్లీ సిత్రా చేరాను. తెల్లవారుఝామున బస్సు దిగాను. చుట్టూ పొగమంచు, దాని వెనకాల రిఫైనరీ మంట ఆరీ ఆరనట్టు. దొర అప్పటికే స్వదేశం వెళ్లి కౌన్సిలుకు మళ్లీ గెలిచాడు. క్యాంపు గేటు దగ్గర నోటీసు బోర్డు మీద మాత్రం నేనున్నాను. బెల్టు తగిలించుకున్న ఫోటో, మూలన నల్ల రిబ్బను. దాని ముందు చెప్పులు విడిచి ఒకతను కళ్లు మూసుకుని నిలబడ్డాడు. జగిత్యాల వైపునుంచి కొత్తగా వచ్చిన మనిషి. కళ్లు తెరిచి, ఫోటో చూసి, నన్ను చూసి, చేతిలోని బకెట్టు జారవిడిచాడు.

"నువ్వు సచ్చిపోయినవ్ గదనే అన్నా," అన్నాడు మెల్లిగా. "మేం దినాం నీ ఫొటువకు మొక్కే మీదికెక్కుతున్నం. ఇగ నువ్వే వస్తివి. మేమెవలికి మొక్కాలె?"

నా మంచం మీద ఎవరూ పడుకోవడం లేదు. మాపటేళ అది దగ్గుతుందని చెప్పుకున్నారు. పొగాకు మనిషిని, నా దగ్గు చివర ఈల వస్తుంది. చదువుకున్నవాణ్ణి (అని నా నమ్మకం), ఇవన్నీ నమ్మనని అందరికీ ఉపన్యాసమిచ్చి దానిమీదే పడుకున్నాను. వారం పోయాక ఒక సాయంత్రం కుళాయి దగ్గర బట్టలు పిండుకుని వస్తున్నాను. మూసిన మా గది తలుపు వెనక నేను దగ్గాను. ఈల కూడా వేశాను. తలుపు తీస్తే ఎవరూ లేరు. మంచం మీద దుప్పటి మనిషి లేచి వెళ్లినంత మేర గుంటపడి ఉంది. (ఏసీ అంటాడు తోడల్లుడు. ఏసీకి నా దగ్గెలా వచ్చిందో చెప్పడు.)

అప్పట్నుంచి నాకు పట్టుదల పుట్టింది. ఎవరు చంపారో ఆ చేత్తోనే నేను బతికున్నానని ఒక్క ముక్క రాయించుకోవాలి. లేకపోతే నామీద నాకే నమ్మకం పోయేలా ఉంది. దొర వార్తలకు లోటు లేదు. మా స్టోర్‌కీపరుది కూడా దొర ఊరే. వాళ్ల పేపరు ఆయనకు పోస్టులో వచ్చేది, ఆయన చదివాక నాకొచ్చేది. కౌన్సిలరు దొర లెక్కలో నేను పదడుగుల నిచ్చెన మీంచి పడ్డాను. జిల్లా అధ్యక్షుడయ్యేసరికి నలభై అడుగుల పరంజా మీంచి పడ్డాను. పార్లమెంటుకు పోటీ చేసిన కరపత్రంలో ట్యాంకు పైనుంచి, అదీ తోటివాళ్లిద్దర్ని కాపాడబోయి పడ్డాను. ఆయన పదవితోపాటు నా ఎత్తూ పెరిగింది. ఇంకో మెట్టు ఎక్కితే నన్ను విమానంలోంచే తోసేవాడు. ప్రతి ఎత్తుకూ నేనొక ఉత్తరం రాశాను. బతికున్నానని రాశాను, వేలిముద్ర వేశాను, ఆ రోజు పేపరు పట్టుకుని ఫోటో దిగి పంపాను. ఆఫీసునుంచి అచ్చువేసిన జవాబే వచ్చేది: మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి.

ఆయన లండన్ పార్లమెంటుకు గెలిచాక వాళ్ల ఊరి హాల్లో అభినందన సభ జరిగింది. బెల్టు చట్టం బిల్లు తానే పెడుతున్నానని ప్రకటించి, నా పేరు చదివి, అందరిచేతా ఒక నిమిషం మౌనం పాటింపజేశాడు. సభ మొదలైన వేళ పేపర్లో ఉంది. మూడు గంటలు కలిపి చూసుకుంటే సిత్రాలో మధ్యాహ్నం డ్యూటీ వేళ. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ట్యాంకు మీదున్నాను. ఉన్నట్టుండి గాలి ఆగింది, మంట హోరు ఆగింది. కిందనున్న తోడల్లుణ్ణి పిలిచాను, నా గొంతు నాకే వినబడలేదు. తర్వాత అన్నీ మామూలయ్యాయి. వాడు మాత్రం సాయంత్రం, "ఓ నిమసం పైకి సూత్తే నువ్వు నేవన్నయ్యా. అవుపడనేదు," అన్నాడు.

ఆ పేపరు నా చేతికొచ్చిన సాయంత్రమే పేజీలకు పేజీలు నిప్పులు కురిపించాను. కోర్టన్నాను, రాయబారి కార్యాలయమన్నాను, నిఘంటువులో మిగిలిన తిట్లన్నీ దించాను. కవరు మీద స్వయంగా విప్పవలెనని రాశాను. ఇప్పుడు అరవై దాటి, దగ్గు మాని, కింద నేల మీదే తిరుగుతున్న మనిషిని. దేశాల మీదే యుద్ధం ప్రకటించిన ఆ నిప్పురవ్వ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, వాడి భుజమ్మీద చెయ్యి వెయ్యాలనీ అనిపిస్తుంది. జవాబు మూడు వారాలకు వచ్చింది. ఈసారి అచ్చు కాదు, దొర చేతిరాత. తెలుగులో చెబితే ఇది:

"మిత్రమా, నువ్వు బతికున్నావని నీ మొదటి ఉత్తరం అందిన రోజే నమ్మాను. వంటింట్లో కూర్చుని సంతోషంతో ఏడ్చాను. మర్నాడు కౌన్సిల్లో నిజం చెబుదామనే లేచాను. అప్పటికే నీ చావు కథ విని మా రేవులో బెల్టు పెట్టుకున్నవాళ్లు నలుగురు ఎదురుగా కూర్చుని ఉన్నారు. నువ్వు బతికున్నావంటే విప్పేస్తారేమోనని భయపడి కూర్చుండిపోయాను. నన్ను క్షమించు. వచ్చేనెల మొదటి శుక్రవారం బిల్లు ఓటుకు వస్తుంది. అందాకా, నీకు అభ్యంతరం లేకపోతే, దయచేసి ఎవరికీ కనబడకు."