ఆఖరి పోగు

మొన్న కామారెడ్డిలో ఒక దుకాణంలో అద్దాల ఫ్రిజ్ ముందు నిలబడిపోయాను. ఒకావిడ మటన్ పాకెట్ తీసి, తిరగేసి చూడనైనా చూడకుండా సంచిలో వేసుకుని పోయింది. ఇంత తేలికైపోయిందా అనిపించింది. మా చిన్నబాపును, అంటే మా నాన్న తమ్ముణ్ణి, ఒకప్పుడు ఊరంతా పిచ్చోడన్నది ఈ పాకెట్ల కోసమే.

ఎల్లారెడ్డిలో మాది తాతల నాటి మటన్ దుకాణం. మా బాపు మేక వీపు నిమిరి ఎంత మాంసం పడుతుందో చెప్పేవాడు. కొక్కేనికి వేలాడే మాంసంలో ఇది కావాలి, అది వద్దు అని వేలుపెట్టి చూపించి, మొద్దు మీద సగం కొట్టాక మనసు మార్చుకునే జనం మావాళ్ళు. అలాంటి చోట చిన్నబాపు ఊరి బయట చల్లగది కట్టించి, పాకెట్లకు అతుకు వేసే మిషన్ తెచ్చి, బీడీలు చుట్టే ఆడవాళ్ళను పిలిచి పాకెట్లు కట్టించడం మొదలుపెట్టాడు. వాళ్ళ మీద అజమాయిషీ నాది. మొదట్లో ఎవరూ కొనలేదు. “లోపట ఏమున్నదో ఎవనికి ఎరుక?” అనేవారు. అప్పుడాయనకు పోగులు గుర్తొచ్చాయి. పల్లెల్లో నలుగురు కలిసి మేకను కోస్తే మోదుగాకుల మీద పోగులు పెడతారు. ప్రతి పోగులోనూ కొంచెం కార్జం, కొంచెం బొక్క, కొంచెం మెత్తటి కండ పడాలి. పోగులు వేసినవాడు మాత్రం అందరూ తీసుకున్నాక మిగిలింది తీసుకోవాలి. చిన్నబాపు పాకెట్లనూ అలాగే కట్టించాడు. జనం ఒకటీ అరా కొనడం మొదలుపెట్టారు. ఆ దసరాకు కామారెడ్డి దుకాణాలవాళ్ళు కూడా అడిగారు. “ఈ పండుగకు పాకెట్లు పోకపోతే మిషిన్ బంద్ పెట్టి మొద్దు కాడికి రావాలె” అని బాపు ముందే ఖరారు చేశాడు.

దసరా ముందురోజు తెల్లవారగానే కరెంటు పోయింది. పది గంటలకు జనరేటరూ మొరాయించింది. తలుపు తీస్తే చల్లదనం పోతుందని చిన్నబాపు కుర్చీ లాక్కుని తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. బయట ఆటోలవాళ్ళు హారన్లు కొడుతున్నారు, ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఆయన మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం బాపు వచ్చి, “తలుపు తియ్యిరా! ఇప్పుడు పంపితే పొద్దుగూకేలోపు ఖతమైతది” అని అరిచాడు.

“జర ఆగు అన్నా.”

మూడింటికి కరెంటు వచ్చింది. చిన్నబాపు తలుపు తీసి ముందు గోడకున్న థర్మామీటర్ చూశాడు. ముల్లు హద్దు దాటిపోయి ఉంది. మాంసం మాత్రం ఎర్రగా, ఏ వాసనా లేకుండా ఉంది. బాపు ఒక ముక్క నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, “మస్తుగున్నది. గింతకన్న పాతది అమ్మిన నేను” అన్నాడు. నేనూ వదల్లేదు. “పంపిద్దాం చిన్నబాపూ, ఎవలకు తెలుస్తది?” అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. “దుకాణంల చూసి కొంటరు అన్నా. దీన్ని చూడకుంటనే కొనాలె. పోగులేసినోడు ఆఖరుకు తీస్కుంటడు గద! వీటిల ఏ పాకెట్ మిగిలినా నా మనుమరాలికి వండిపెట్టేటట్టుండాలె. నేనైతే పెట్టలేను” అన్నాడు.

వెనకాల చేన్లో గొయ్యి తవ్వించాడు. రెండు రోజులు కట్టిన పాకెట్లన్నీ చించి అందులో వేసి సున్నం చల్లుతుంటే బీడీల ఆడవాళ్ళు ఏడ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పని మాది, పేరు ఈయనదా అనుకుంటూ చెప్పకుండానే ఇంటికొచ్చేశాను. బాపు కూడా వెళ్ళిపోయాడు. ఆ గొయ్యి దగ్గర ఆయన ఒక్కడే మిగిలాడు.

పండుగనాడు బాపు మొద్దు దగ్గర మేకలు కోశాడు. చిన్నబాపు ఇంట్లో పప్పు వండారు. ఇక మిషన్ మూతపడినట్టేనని అందరం అనుకున్నాం. చిన్నబాపు మాత్రం మళ్ళీ కొంచెం మాంసం తెప్పించాడు, నేనూ తిరిగి పనిలోకి వెళ్ళాను. నాలుగు రోజులకు బాపు చల్లగదికి వచ్చి, తమ్ముడి మొహం చూడకుండా నాతో, “ఒక పాకెట్ కట్టు బిడ్డా, ఇంటికి” అన్నాడు. కళ్ళముందు కోయని మాంసం ఆయన తినడం అదే మొదలు. మిషన్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

చిన్నబాపు ఇప్పుడు లేడు. అప్పటి ఆయన వయసు నాకొచ్చింది. ఆ గొయ్యి దగ్గర ఆయన పక్కన నిలబడటానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.