మూడు కాగితాలు, ఒకే వేలిముద్ర

పరిశోధనలు పద్ధతిగా జరుగుతున్నాయో లేదో చూసే మా యూనివర్సిటీ ఎథిక్స్ ఆఫీసు మేడం నా ఉద్యోగం తీయించడానికే పిలిచిందనుకున్నానని డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

లెక్చరర్‌గా చేరిన కొత్తలో, వలస వెళ్లిన కూలీల భార్యల గురించి పరిశోధన చేస్తూ బరంపురం పక్కన చికిటి దగ్గర పల్లెలు తిరిగాను. ఒక ఇంట్లో నాతో మాట్లాడటం ఇష్టమేనని ముగ్గురు కోడళ్లు ఇవ్వాల్సిన సమ్మతి పత్రాల మీదా అత్తగారే వేలిముద్ర వేసింది. ఆ ఇంట్లో ఏదైనా ఆవిడ మాటే. నేను వాటినలాగే తెచ్చేశాను.

పత్రాలు ఆఫీసులో ఇచ్చిన వారానికి పిలుపొచ్చింది. మేడం తలుపు మూసి, టీ పోసి, మా బరంపురం తెలుగులోనే పలకరించింది. ఆ మెత్తదనానికి మరీ భయమేసింది.

"ఈ మూడూ ఒక్క ఏలిముద్రేనా?"

"తెలీదండి."

"పులిని సూసినట్టు సూస్తన్నావేటి? నీ మీద రిపోర్టు రాయడానికి కాదు పిలిసింది."

నమ్మలేదు. ఆవిడ చేతిలోని పెన్ను మీదే కళ్లు పెట్టి, జరిగింది చెప్పాను. ఆ పెన్ను ఏమీ రాయలేదు. అయినా అనుమానం పోలేదు. నేను లేచాక రాస్తుందేమో.

తలుపు దాకా వచ్చి అంది: "రేపు నానూ వస్తాను. అత్తగారిని నాను మాటల్లో పెడతాను, నువ్వు కోడళ్లని ఇష్టమేనా అనడుగు. ఆళ్లు ఒద్దంటే ఒదిలేద్దాం."