వదిన వేసిన నీలం

మనుషుల బొమ్మలు గీసే ఆ కొట్టులో ముఖాలు మరిదివి, ముఖాల వెనకున్నదంతా వదినది. బొమ్మ వేయించుకోవడానికి ఎంతటివాడొచ్చినా ముందు ఆమె ఎదుట కూర్చోవాల్సిందే. పిల్లల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ కబుర్లాడుతూనే, ఈ మనిషి వెనక గోడ ఉండాలా, కిటికీ ఉండాలా, వట్టి రంగు చాలా అన్నది తేల్చేసేది. ఆమె వేసింది ఆరాకే మరిది ముఖం మొదలుపెట్టేవాడు.

ఒకప్పుడు ముఖాలు ఆమె భర్త వేసేవాడు. ఆయన పోయాక ఆమె మంచం దిగలేదు. ఎవరెన్ని చెప్పినా చెవిన పెట్టలేదు. చివరికి మరిది ఓ ముసలాయన రూపురేఖలు గీసిన కాన్వాసు తెచ్చి మంచం పక్కన నిలబెట్టి, ఈయన వెనకేం వేయాలో తనకు తోచడం లేదన్నాడు. ఆమె లేచింది. తల్లిలా పెంచిన మనిషి మళ్ళీ లేచి తిరుగుతుంటే అతని ప్రాణం కుదుటపడింది.

ఈమధ్య ఆమె కళ్ళకు శుక్లాలు కమ్మాయి. లేత నీలమనుకుని ఆమె వేసింది చూసేవాళ్ళ కళ్ళలో పొడిచేది. ఆ మాట చెబితే కుంచె పారేసి మళ్ళీ మంచం పడుతుందని మరిదికి భయం. నోరు కుట్టేసుకుని, ఆ నీలం ముందు వెలవెలబోకుండా ముఖాలకే ఎరుపు దట్టించాడు. బొమ్మ వేయించుకున్న ఓ టైలరు దాన్ని చూసుకుని, జ్వరమొచ్చినవాడిలా ఉన్నానే అని వెక్కిరించి, తీసుకోకుండానే పోయాడు. అన్న పనితనం తమ్ముడికి అబ్బలేదని బజారంతా అనుకుంది. పాపం, పడ్డాడు.

సూదిలో దారం ఎక్కడం లేదని ఆమె తనంతట తానే డాక్టరు దగ్గరికెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. కట్టు విప్పాక కొట్టుకొచ్చి, గోడకున్న టైలరు బొమ్మను చాలాసేపు చూసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మానేస్తావని."

"నా నీలం కోసం నీ పేరు పాడుచేసుకున్నావా?"

"పేరుదేముంది వదినా. నువ్వు మళ్ళీ మంచం పడితే నేను తట్టుకోలేను."

ఆమె టైలరుకు కబురుపెట్టి, సణుగుతూ వచ్చినవాణ్ణి ఎదుట కూర్చోబెట్టింది. నీలం కలిపింది. చేతికి పాత అలవాటు ఇంకా పోలేదు. మరిది ఆ రంగుకేసి చూశాడు.

"కాస్త ఎక్కువైంది వదినా" అన్నాడు.

ఆమె తెలుపు కలిపి, రంగుల పలక అతని ముందుకు జరిపింది.

"ఇప్పుడు చూడు" అంది.