టైపు సారు వేళ్లు
ఆదివారం పొద్దున పది గంటల పది నిమిషాలకు టైపు సారు పోయాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో టైపిస్టుగా పనిచేసిన మనిషి. పెట్టెలాంటి పాత కంప్యూటరు చెడిపోయినా, దాని మూతగా బిగించే కీబోర్డును దాచుకున్నాడు. మీటల మీద తెలుగు అక్షరాలు అంటించి, యాభై దాటిన నాకు దానిమీదే చదువు నేర్పాడు.

"గట్టిగ కొట్టక్కా! సప్పుడు రాకుంటే అక్షరం పడనట్టే" అనేవాడు.

చివరికి పక్షవాతంతో ఆయనకు మాట పోయింది. ఆ పొద్దున వేళ్లు దుప్పటి మీద ఆడుతుంటే కీబోర్డు తెచ్చి చేతికింద పెట్టాం. అవే మూడు మీటలు మళ్లీ మళ్లీ కొట్టాడు.

"ఫ్యాక్టరీ మూతవడ్డా ఈయన డ్యూటీ దిగలే" అంది భార్య. అందరూ నవ్వారు.

నేను ఆయన వేలు పడిన మీటల మీది ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. "దూప! దూపయితుందట, నీళ్లు తేండ్రి" అని అరిచేసరికి వేళ్లు ఆగిపోయాయి.

మీటలు చూడకుండా నవ్వినవాళ్లు ఆయన భార్య, కూతురు, అల్లుడు. చూసి, ఆలస్యంగా చదివినదాన్ని నేను.